బొట్టు పెట్టిన ఐదో పెట్టె

కిందటి వారం నన్ను మీరు కాలేజీ మెట్ల మీద వదిలారు, చంకలో పాపతో, భుజాన టంకం సంచితో. అంతకు ముందు సంగతి తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు చెప్తాను. రాజాంలో మా బావగారు గణపతిరావు గారిది కంప్యూటర్ షాపు. వెనకగదిలో రిపేరు బల్ల నాది. ఇంటర్ రెండో ఏడు మధ్యలో పెళ్ళయి నా చదువు ఆగిపోయింది. ఆగినచోటు నుంచి మళ్ళీ మొదలైంది ఆ బల్ల దగ్గరే. మా ఆయన మురళీమోహన్ పారాదీప్ పోర్టులో పనిచేస్తారు, రెండు నెలలకోసారి వస్తారు. మా పక్కవీధి కాలేజీలో నలభై కంప్యూటర్ల ల్యాబు ఉంది. జనరేటర్ మీద ముప్ఫై ఎనిమిది నడిచేవి. చివరి రెండూ వేస్తే ఆగిపోయేది. నలభై సీట్లూ నడిస్తేనే ఆన్‌లైన్ పరీక్షల సెంటర్ ఇస్తామన్నారు పరీక్షలవాళ్ళు. ఒక్కొక్క సీపీయూలోంచి కరెంటు పెట్టె ఊడదీయించి, లోపల ఒక భాగం మార్చి, వేడి తగ్గించి, నలభైనీ నడిచేలా చేశాను నేను. శనివారం ట్రయల్ పరీక్ష. కరెంటు రెండుసార్లు పోయి వెంటనే వచ్చింది. నాలుగు పెట్టెలు పేలాయి. పాప జ్వరంతో గురువారం నుంచి శ్రీకాకుళం ఆసుపత్రిలో ఉన్న నాకు ఈ కబురు ఆదివారం రాత్రి ఇంటికొచ్చాక తెలిసింది. సోమవారం మధ్యాహ్నం రమ్మని కాలేజీవాళ్ళు పిలిచారు.

ల్యాబులో ఏసీ ఉంది గాని పనిచెయ్యదు. కిటికీలన్నీ తెరిచినా కాలిన వాసన పోలేదు. పాప ముక్కుకి కొంగు అడ్డం పెట్టాను. జ్వరం తగ్గి ఒక్కరోజే అయింది. ఇంట్లో వదిలితే గుక్క పట్టి ఏడుస్తోంది. ఇక్కడికి తెస్తే ఈ పొగ పీల్చి మళ్ళీ దగ్గు పట్టుకుంటుందేమోనని నా భయం.

ముందు బల్ల మీద నాలుగు పెట్టెలూ వరసగా పెట్టారు. సందుల్లోంచి మసి కారింది. బల్ల వెనక కాశీవిశ్వనాథం గారు కూర్చున్నారు. కాలేజీ ఆయనదే. ముప్ఫై ఏళ్ళు ధాన్యం వ్యాపారం చేసి ఆ తర్వాత కాలేజీ పెట్టారు. ఏ సంగతైనా ఆయనకి అరచేతిలో గింజలు పోసి చూపించినట్టు చూపించాలి. ఆయన కుర్చీ మీద చెయ్యి వేసి వెంకటసాయి నిలబడ్డాడు. ల్యాబు అతని చేతి కిందది. ఎంటెక్ చదివాడు. మొదటిరోజు నేను స్క్రూడ్రైవర్ తీసినప్పటి నుంచీ నన్ను చూస్తే అతనికి ఒళ్ళు మంట.

"వచ్చారండీ ఇంజనీరు గారు. అసిస్టెంటుని కూడా ఎత్తుకొచ్చారు," అన్నాడు పాపని చూసి.

బావగారు గోడ పక్కన నిలబడి ఉన్నారు. నాకంటే ముందే వచ్చారు. నన్ను చూసి తల దించుకున్నారు. గుమ్మంలో మా అత్తయ్య జగ్గమ్మ గారు. పాపని పట్టుకోవడానికి వస్తానని బయల్దేరారు గాని, ఆవిడ వచ్చింది నా పరువు ఎలా పోతుందో కళ్ళారా చూడ్డానికే అని నాకు తెలుసు. దారిపొడుగునా ఒకటే మాట. "ఇయాల నీదే తప్పని తేలిందా, ఆ బల్ల ఇరగ్గొట్టి పొయ్యిలో ఎట్టేత్తాను. తిన్నగా ఇంట్లో కూకుని గుంటని సూసుకో." ఆవిడ అన్నంత పనీ చేస్తారు. బావగారు తల్లి మాటకి ఎదురు చెప్పరు.

"అమ్మాయ్," అన్నారు కాశీవిశ్వనాథం గారు. "ఐదు గంటలకి పరీక్షలోళ్ళు ఫోను సేస్తారు. నలభై ఉన్నాయా లేవా అనడుగుతారు. నానేటి సెప్పాలి?"

"ఉన్నాయని చెప్పండి సార్. ఈ నాలుగూ రేపు సాయంత్రానికి బాగుచేసి ఇస్తాను."

"ఇంకా ఇవ్వడమేనా?" వెంకటసాయి నవ్వాడు. "సార్, కంపెనీవాడు లక్షల పెట్టెలు చేసి అమ్ముతున్నాడు. అందులో ఏ డయోడ్ పెట్టాలో వాడికి తెలీదట. ఇంటర్ తప్పిన ఈవిడకి తెలుసట."

"తప్పలేదు. ఆగిపోయింది."

"రెండూ ఒకటే."

ఒకటి కాదు. కాని అది చెప్పే చోటు ఇది కాదు. పాపని అత్తయ్య చేతికిచ్చి సంచి దించాను.

"నువ్వసలు ఏటి మార్చినావో నాకు తెలిసీలాగ సెప్పు," అన్నారు కాశీవిశ్వనాథం గారు. "ఇంగ్లీషు ఒద్దు."

"కరెంటు అలలాగ వస్తుంది సార్, లేస్తూ పడుతూ. పాతకాలం పెట్టెలైతే అల నెత్తి మీద ఉన్నప్పుడు ఒక్క గుటక వేసి తక్కినంతసేపూ ఖాళీగా ఉంటాయి. నలభై పెట్టెలూ ఒకేసారి గుటక వేస్తే జనరేటర్ తట్టుకోలేదు. అందుకని ముందువైపు ఒక సర్క్యూట్ పెడతారు. పవర్ ఫ్యాక్టర్ సరిచేసేది. అల పొడుగునా సమంగా తాగిస్తుంది. మన పెట్టెల్లో అది ఉంది. కాని అందులో డయోడ్ ఉంది చూశారూ, అది తలుపులాంటిది. సెకనుకి వేలసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పాత తలుపు మూసుకోవడం కాస్త ఆలస్యం. ఆ సందులో కొంత కరెంటు వెనక్కి జారి ఊరికే వేడైపోతుంది. నేను పెట్టిన కొత్తరకంది ఠక్కున మూసుకుంటుంది. పెట్టెకి నాలుగైదు వాట్లు మిగిలాయి."

"నాలుగైదు వాట్లు!" వెంకటసాయి చప్పట్లు కొట్టాడు. "దేవుడి గదిలో జీరో బల్బు వెలిగించుకోవచ్చు సార్."

"నలభై పెట్టెలకి లెక్క వెయ్యండి. మీ జనరేటర్ మీద ఎక్కని ఆ చివరి రెండూ దాంతోనే నడిచాయి."

"మరి ఠక్కున మూసుకునే తలుపు ఢామ్మని ఎందుకు పేలిందో?"

అదీ అడగాల్సిన ప్రశ్న. ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి నుంచీ నన్ను నేను అడుక్కుంటున్న ప్రశ్న.

"కొత్త డయోడ్‌కి ఒక బలహీనత ఉంది," అన్నాను. "కరెంటు పోయి వెంటనే వస్తే, లోపల కరెంటు నిలవుంచే కెపాసిటర్ ఒట్టిపోయి ఉంటుంది. అది నిండడానికి ఒక్కసారిగా వరద దూకుతుంది. ఈ రకం డయోడ్ ఆ వరదకి తట్టుకోదు. అందుకని పక్కన ఇంకో మోటు డయోడ్ కాపలా పెడతాను. గెడ్డకి నీళ్ళొచ్చినప్పుడు గట్టు తెగకుండా పక్కన దారి వదుల్తారు చూడండి, అలాగ. వరద దాని మీంచి పోతుంది. తర్వాత దానికి పని ఉండదు. ఆ కాపలాది ఉంటే ఇవి పేలవు."

"ఉంటే, పేలవు. పేలేయి కాబట్టి లేదు," అన్నాడు వెంకటసాయి. "సార్, ఆవిడే ఒప్పేసుకున్నారు."

నేను మొదటి పెట్టె మూత విప్పాను. మసి తుడిచి టార్చి వేశాను. కొత్త డయోడ్ రెండుగా చీలి ఉంది. పక్కన కాపలాది ఉండాల్సిన రెండు చిల్లులూ ఖాళీ. రెండో పెట్టె విప్పాను. ఖాళీ. మూడు, నాలుగు. ఖాళీ.

ఈ నాలుగూ నాకు తెలుసు. ముప్ఫై ఐదు పెట్టెలు అయ్యేసరికి కాపలా డయోడ్లు అయిపోయాయి. విజయనగరం నుంచి రావాలి. మిగిలిన ఐదింటికీ కొత్త డయోడ్ మాత్రం వేసి కింద అరలో పెట్టాను. గురువారం పొద్దున్నే పాప ఒళ్ళు కాలిపోతుంటే అలాగే వదిలేసి పరిగెత్తాను. బస్సులోంచి బావగారికి ఫోన్ చేసి మరీ చెప్పాను. బొట్టు ఉన్నవి పంపండి, లేనివి ఉంచండి అని.

పని పూర్తయిన పెట్టెకి వెనకవైపు, ప్లగ్గు పెట్టే చోటు పక్కన, కుంకుమ బొట్టు పెట్టడం నా అలవాటు. అగ్గిపుల్ల చివర ముంచి పెడతాను. సగం దణ్ణం, సగం గుర్తు.

"బావగారూ, ఈ ఐదూ ఉంచమన్నాను కదండీ?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "నలభైకీ బొట్టున్నాది అమ్మాయ్. సూసే పంపినాను."

పెట్టెలు తిప్పి చూశాను. మసి కింద బొట్టు ఉంది. నాలుగింటికీ ఉంది. కాని అగ్గిపుల్ల తలంత కాదు. కందిగింజంత. దగ్గరగా చూస్తే వేలిగీతలు కనిపిస్తున్నాయి.

"ఇది నేను పెట్టిన బొట్టు కాదు."

"ఇప్పుడు బొట్టు సైజు మీద ఎంక్వైరీయా?" అన్నాడు వెంకటసాయి.

"నాను ఎట్టినాను," అంది గుమ్మంలోంచి గొంతు.

అందరం అటు తిరిగాం. అత్తయ్య పాపని భుజం మార్చుకుని లోపలికి వచ్చారు. "ఏటి, అలగ సూస్తారు? శ్రావణ శుక్రవారం. ఇంట్లోంచి ఎల్లీ సామాను బోసి మొగంతో గుమ్మం దాటుతాదేటి? కింద అరలో ఐదు పెట్టెలు నుదుట బొట్టు లేకండా ఏడుస్తన్నాయి. తానం సేసి, దీపమెట్టి, నా సేత్తో నానే ఎట్టినాను. ఈవిడికి పని తప్ప పద్ధతి తెలీదు కదా."

"అత్తయ్యా," అన్నాను. "ఆ బొట్టు నాకు గుర్తు. పని అయిందని గుర్తు. లేనివాటికి పని అవలేదని. మీరు పెట్టిన ఐదు బొట్లే ఈ నాలుగింటినీ పేల్చాయి."

"ఓలమ్మో! నా బొట్టు పేల్చినాదట, వినండి బాబూ!" ఆవిడ వెనక్కి తగ్గే మనిషి కాదు. "గుర్తు కావాలంతే కాయితమ్ముక్క అతికించుకో. పలక మీద రాసుకో. అమ్మోరి కుంకం ఎట్టి అయినాది, కానాది అని గురుతులు సూసుకుంతావేటి? ఇంటిలో ఒక్క మనిసికైనా సెప్పినావా, బొట్టంతే ఇదీ అని?"

బావగారికి చెప్పాను. ఆవిడకి చెప్పలేదు. చెప్తే వెక్కిరిస్తారని చెప్పలేదు. ఆవిడతో మాట కలపడం ఇష్టం లేక నాలో నేను పెట్టుకున్న గుర్తు అది. ఆవిడ మాటల్లో నూటికి తొంభై విషమే, కాని ఈ పది నిజం.

"తప్పు నాదే సార్," అన్నాను కాశీవిశ్వనాథం గారితో. "సర్క్యూట్‌లో కాదు. గుర్తులో."

"కుంకుమ బొట్టు మీద క్వాలిటీ కంట్రోలు," వెంకటసాయి కడుపు పట్టుకుని నవ్వాడు. "సార్, ఇది బయట చెప్తే నమ్మరు. నలభై పెట్టెలూ తీయించేద్దాం. నేను ముందే చెప్పాను, అత్తాకోడళ్ళ చేతిలో ల్యాబు పెట్టకండని."

కాశీవిశ్వనాథం గారు నవ్వలేదు. "ఐదన్నారు. ఇక్కడ నాలుగే ఉన్నాయి. ఐదోదేదీ?"

"ఈ గదిలోనే ఉంది సార్. శనివారం ఆ సీటు వేసి ఉండరు, అందుకే పేలలేదు. ఇప్పుడు నడుస్తోంది."

కంప్యూటర్ల వెనక గోడకీ బల్లలకీ మధ్య జానెడు సందు. చీర కుచ్చిళ్ళు దోపుకుని దూరాను. వైర్లు, దుమ్ము, ఎప్పటివో చాక్లెట్ కాగితాలు. టార్చి వేసి ఒక్కో బొట్టూ చూసుకుంటూ పోయాను. అగ్గిపుల్ల. అగ్గిపుల్ల. అగ్గిపుల్ల. ప్రతి చుక్కా నేను పెట్టిన రోజు గుర్తొస్తోంది. పాప నిద్రలో ఉన్నప్పుడు ఒకటి, లేచి ఏడుస్తుంటే కాలితో ఉయ్యాల ఊపుతూ ఇంకొకటి. రెండో వరసలో తొమ్మిదోది. కందిగింజంత బొట్టు, వేలిగీతలతో.

వైరు పీకి, పెట్టె ఊడదీసి బల్ల మీదకి తెచ్చాను. మూత తీశానో లేదో వెంకటసాయి ముందుకి వంగి లోపల వేలు పెట్టబోయాడు.

"చెయ్యి తియ్యండి!"

నేను అరిచిన అరుపుకి పాప ఉలిక్కిపడింది. అతని మొహం ఎర్రబడింది. "నాకు చెప్తున్నావా?"

"మీకే. ఇప్పుడే పీకాను. కెపాసిటర్లో మూడువందల ఎనభై వోల్టులు ఉంటాయి." సంచిలోంచి వైర్లు కట్టిన బల్బు తీసి కెపాసిటర్ కాళ్ళకి తగిలించాను. బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి, ఎర్రబడి, ఆరిపోయింది. "ఇప్పుడు పెట్టండి."

అతను పెట్టలేదు. కాశీవిశ్వనాథం గారు కుర్చీలోంచి లేచి వచ్చి కళ్ళజోడు సర్దుకుని తొంగి చూశారు. ఖాళీ చిల్లులు రెండూ చూపించాను. పక్క వరసలోంచి నా బొట్టున్న పెట్టె ఇంకొకటి తెచ్చి, దాన్నీ బల్బుతో ఖాళీ చేసి, విప్పి పక్కన పెట్టాను. చిక్కుడు గింజంత నల్లటి డయోడ్ దాని చోట అది కూర్చుని ఉంది.

"ఇందులో ఉన్నాది. ఇందులో లేదు," అన్నారాయన, ధాన్యం పట్టి చూసినట్టు రెండూ మార్చి మార్చి చూసి. "అయితే ఐదింటిలోనే తేడా. మిగతా ముప్ఫై ఐదూ గట్టివే."

"గట్టివే సార్. శనివారం రెండుసార్లు తట్టుకున్నాయి."

చాలా రోజుల తర్వాత నా గొంతు నాకే నచ్చింది. విప్పిన రెండో పెట్టెకి మూత వేసి తిరిగి బిగించేశాను. రేపు పొద్దున్నే విజయనగరం నుంచి ఐదు డయోడ్లు తెప్పిస్తే సాయంత్రానికి నలభై. అత్తయ్య మూతి ముడుచుకుని పాప వీపు తడుతున్నారు. నా బల్ల నాకే ఉంటుంది.

"మాటలెందుకు?" అన్నాడు వెంకటసాయి. అతని మొహంలో నవ్వు పోయింది. "మెయిన్ ఆపి, మూడు లెక్కపెట్టి మళ్ళీ వేస్తాను. శనివారం అయినట్టే. ముప్ఫై ఐదూ తట్టుకుంటే నేను నోరు మూసుకుంటాను. ఒక్కటి పేలితే?"

"వెయ్యండి."

"పేలితే ఏం చేస్తావని అడుగుతున్నా."

"పేలితే ఇంక టంకం పుల్ల ముట్టను."

"ఒద్దు అమ్మాయ్!" అన్నారు బావగారు. అంతసేపూ గోడకి అతుక్కుని ఉన్న మనిషి రెండడుగులు ముందుకి వేశారు. "అంత మాటెందుకు? సార్ ఒప్పుకున్నారు కదా. ఇంక పరీచ్చలేటి?"

నా మీద జాలితో అన్నారనుకున్నాను. "పరవాలేదు బావగారూ. నా చేత్తో చేసినవి."

ముప్ఫై ఐదూ ఆన్ చేశారు. తెరలు వెలిగాయి. వెంకటసాయి గోడ దగ్గర పెద్ద స్విచ్చు పట్టుకుని నా వంకే చూస్తూ దించాడు. గది చీకటి కాలేదు గాని, ఫ్యాన్లన్నీ ఒక్కసారి ఊపిరి వదిలినట్టు ఆగిపోయాయి. ఒకటి. రెండు. మూడు. ఎత్తాడు.

తెరలు వెలుగుతున్నాయి. మొదటి వరస. రెండో వరస. నేను నవ్వడానికి సిద్ధమయ్యాను.

మూడో వరస చివర ఢామ్మంది.

పాప కెవ్వుమంది. తెల్లటి పొగ గోడ మీదకి ఎగబాకింది. నేను పాప దగ్గరికి వెళ్ళాలో పెట్టె దగ్గరికి వెళ్ళాలో తెలియక ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాను. "గుంట బాగానే ఉన్నాది, నువ్వెల్లు," అని కసిరారు అత్తయ్య. వెంకటసాయి గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. పందెం అతనిదే.

వంగి టార్చి వేశాను. అగ్గిపుల్ల తలంత బొట్టు. నాదే.

పెట్టె బల్ల మీదకి ఎలా తెచ్చానో గుర్తులేదు. బల్బు తగిలించాను. ఈసారి వెలగలేదు, లోపల అంతా చచ్చింది. మూత తీసి టార్చి నోట్లో కరుచుకుని వంగాను. కాపలా డయోడ్ లేదు. కాని చిల్లులు ఖాళీగా లేవు. నేను పోసిన టంకం అలాగే ఉంది. దాంట్లోంచి డయోడ్ కాళ్ళు రెండూ పైకి లేచి ఉన్నాయి, మధ్యలో గింజ లేకుండా. చివర్లు సూటిగా కత్తిరించి ఉన్నాయి. ఈ వానాకాలపు తేమకి నాలుగు రోజులైతే ఏ తెగిన తీగైనా మెరుపు పోతుంది. ఇవి కొత్త పైసాల్లాగా మెరుస్తున్నాయి.

శనివారం ఈ పెట్టె పేలలేదు. రెండుసార్లు కరెంటు ఊగినా నిలబడింది. అంటే శనివారం సాయంత్రానికి ఇందులో డయోడ్ ఉంది. ఆ తర్వాత ఎవరో మూత విప్పి, కట్టరు పెట్టి, అది మాత్రమే తీసుకుని, మళ్ళీ మరలన్నీ బిగించి వెళ్ళారు. ఏది తీస్తే పేలుతుందో తెలిసినవాళ్ళు.

ముందు వెంకటసాయి వంక చూశాను. అతను పెట్టె మీదకి మెడ సాచి, నిజంగానే ఏమైందో తెలుసుకోవాలన్నట్టు చూస్తున్నాడు. కాశీవిశ్వనాథం గారూ చూస్తున్నారు. ఆ గదిలో పెట్టె వంక చూడని మనిషి ఒక్కరే ఉన్నారు.

బావగారు నా పక్కకి వచ్చి నిలబడ్డారు. ఆయన మోచెయ్యి అడ్డంగా పెట్టెని కప్పేసింది. పాప ఏడుపు ఇంకా ఆగలేదు. ఆ ఏడుపు చాటున, నాకొక్కదానికే వినపడేలా అన్నారాయన.

"మూత ఎట్టీ అమ్మాయ్. తప్పు నీదేనని సెప్పీ."